వెబ్‌సైటు పరీక్ష, అభిప్రాయ సేకరణ, నిర్వహణ: నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల సంస్థల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా రొయ్యల మేత దుకాణాలు, హేచరీలు, గ్రానైటు యూనిట్లు, లాడ్జీలు, కళాశాలలు, సహకార సంఘాలు ఇప్పుడు సొంత వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నాయి. చేయించుకునేటప్పుడు ఉన్న శ్రద్ధ ఆ తరువాత చాలాచోట్ల కనిపించదు. చేయించుకున్నవారు, వాటిని చూసుకునే బాధ్యత మీద పడినవారు అడిగే ప్రశ్నలకు ఇవి సమాధానాలు. వీటిని అర్థం చేసుకోవడానికి ప్రోగ్రామింగు తెలియనక్కరలేదు.

తయారు చేసినవారు అన్నీ సరిచూసే అప్పగించారు. మళ్ళీ పరీక్ష ఎందుకు?

తయారు చేసినవారు సరిచూసేది బటను నొక్కితే పేజీ తెరుచుకుంటోందా, ఫారం నింపితే మెయిలు వస్తోందా అన్నంత వరకే. వారి ముందు పెద్ద తెర ఉంటుంది, ఫైబర్ కనెక్షన్ ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఏది ఎక్కడ పెట్టారో వారికి ముందే తెలుసు. ఇందుకూరుపేట వైపు చెరువు గట్టు మీద ఎండలో నిలబడి, తడి చేతితో ఫోను పట్టుకుని ఆనాటి రొయ్యల ధర కోసం వెతికే రైతుకు ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. అతను వెతికింది దొరికిందా, ఎంతసేపటికి దొరికింది, దొరికినదాన్ని సరిగా అర్థం చేసుకున్నాడా అన్నవి వేరే పరీక్షతోనే తెలుస్తాయి. ఆ పరీక్ష తయారీదారు చేయగలిగింది కాదు. అది అతని లోపమూ కాదు, ఎందుకంటే ఒకసారి తెలిసిన దారిని తెలియనట్టు నడవడం ఎవరికీ సాధ్యం కాదు.

పరీక్ష ఎప్పుడు మొదలుపెట్టాలి?

వెబ్‌సైటు పూర్తి కాకముందే. తెల్లకాగితం మీద ముఖ్య పేజీల గీతలు గీసి, "ధర తెలుసుకోవాలంటే ఎక్కడ నొక్కుతారు?" అని నలుగురిని అడిగినా సగం చిక్కులు బయటపడతాయి. కాగితం మీద మార్చడానికి పెన్ను చాలు. తయారైన తరువాత మార్చాలంటే బిల్లు వస్తుంది.

ఎంతమందితో పరీక్షించాలి? వందమంది అయినా ఉండాలంటున్నారు.

అక్కరలేదు. వాడుకరుల తీరును అధ్యయనం చేసిన పరిశోధకులు జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో ప్రచురించిన లెక్క ప్రకారం, వారు పరిశీలించిన ప్రాజెక్టుల సగటు తీసుకుంటే, ఒక్క మనిషితో చేసిన పరీక్షలోనే ఉన్న లోపాల్లో దాదాపు 31 శాతం బయటపడతాయి. రెండో మనిషి చూపే లోపాల్లో కొన్ని మొదటివాడు చూపినవే అవుతాయి కాబట్టి కొత్తగా తెలిసేది తగ్గుతూ వస్తుంది. ఈ లెక్కన ఐదుగురితో దాదాపు 85 శాతం లోపాలు తెలుస్తాయి. అందుకే నీల్సన్ 2000లో ఐదుగురు చాలని రాశారు. ఆయన మాటలోని అసలు సలహాను చాలామంది వదిలేస్తుంటారు: పదిహేనుమందిని పిలిచే స్తోమత ఉంటే ఒకేసారి పిలవకుండా, ఐదుగురితో పరీక్షించి, లోపాలు దిద్ది, మళ్ళీ వేరే ఐదుగురిని పిలవాలి.

ఇక్కడ ఒక షరతు ఉంది. ఆ ఐదుగురూ ఒకే రకం వాడుకరులై ఉండాలి. మీ వెబ్‌సైటును ముత్తుకూరు రొయ్య రైతులూ, చెన్నై కొనుగోలుదారులూ ఇద్దరూ చూస్తారనుకుంటే ఆ రెండు వర్గాల అవసరాలూ వేరు, కాబట్టి ఒక్కొక్క వర్గం నుంచి విడిగా ముగ్గురు నలుగురిని తీసుకోవాలి. చీమకుర్తి గ్రానైటు యూనిటు అయితే విదేశీ కొనుగోలుదారు, స్థానిక కాంట్రాక్టరు అనే తేడా వస్తుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి: ఐదుగురి పరీక్ష లోపాలను పట్టుకోవడానికి పనికొస్తుంది గాని, "నూటికి ఎనభైమందికి మా వెబ్‌సైటు నచ్చింది" అని చెప్పుకోవడానికి పనికిరాదు.

పరీక్షను ఎలా జరపాలి?

మనిషిని ఎంచుకోవడం మొదటి పని. మేనల్లుడూ, బావమరిదీ, దుకాణంలో పనిచేసే కుర్రాడూ వద్దు. వారికి వెబ్‌సైటు గురించి ఇప్పటికే ఎంతో కొంత తెలుసు, తెలియకపోయినా మిమ్మల్ని నొప్పించరు. విందుకు పిలిచి వంట ఎలా ఉందని అడిగితే ఉప్పు తక్కువైందని ఎవరూ అనరు. అందువల్ల మీ దగ్గర నెలకోసారి సరుకు తీసుకునే రైతునో, ఇంతవరకు మీ దుకాణం గడప తొక్కని మనిషినో పిలవండి. అతని సమయానికి ఏదో ఒక ప్రతిఫలం ఇవ్వండి.

రెండో పని, అతనికి ఇవ్వవలసిన పనిని రాసుకోవడం. "మా వెబ్‌సైటు చూసి ఎలా ఉందో చెప్పండి" అంటే "బాగుందన్నా" అన్న జవాబు తప్ప మరొకటి రాదు. దానికి బదులు ఇలా అడగండి: "అన్నా, మీ చెరువులో రొయ్య 60 కౌంటుకు వచ్చిందనుకోండి. ఇవాళ దానికి మేము ఎంత ఇస్తున్నామో ఇందులో చూసి చెప్పండి." (కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య.) ఈ ప్రశ్నలో వెబ్‌సైటులోని మెనూ మాట ఒక్కటీ లేకుండా చూసుకున్నాం. మెనూలో "నేటి ధరలు" అని ఉంటే, ప్రశ్నలో కూడా అదే మాట వాడితే అతను అక్షరాలను పోల్చి నొక్కేస్తాడు, పరీక్ష జరిగినట్టే ఉండదు. లాడ్జీ అయితే "రేపటి శుక్రవారం ఇద్దరు పెద్దలు, ఒక పాప వస్తున్నారు, గది దొరుకుతుందేమో చూడండి" అనాలి. కళాశాల అయితే "మీ అమ్మాయికి బస్సు మీ ఊరి దాకా వస్తుందో లేదో కనుక్కోండి" అనాలి.

మూడో పని నోరు మూసుకుని కూర్చోవడం, ఇది అన్నిటికంటే కష్టం. అతను తప్పు బటను నొక్కుతున్నప్పుడు "అక్కడ కాదు, పైన చూడండి" అని నాలుక చివరిదాకా వస్తుంది. అనకూడదు. మనసులో అనుకుంటున్నది పైకి మాట్లాడుతూ వాడమని ముందే చెప్పి, ఆగిపోయినప్పుడు మాత్రం "ఇప్పుడు ఏం చూస్తున్నారు?" అని అడిగితే చాలు. "నేను ఇదెక్కడ నొక్కాలి?" అని అతను ఎదురు ప్రశ్న వేస్తే, "నేను పక్కన లేకపోతే ఎక్కడ నొక్కేవారు?" అని తిరిగి అడగండి. పరీక్ష అతనికి కాదనీ, వెబ్‌సైటుకనీ మొదట్లోనే చెప్పాలి, ఎందుకంటే దొరకనప్పుడు "నాకు చదువు రాదు లెండి" అని తనమీద వేసుకునే పెద్దవాళ్ళు మన వైపు ఎక్కువ.

పక్కన మరొకరు కూర్చుని, అతను ఎక్కడ ఆగాడో, ఏది రెండుసార్లు నొక్కాడో, ఏ మాట దగ్గర కళ్ళు చిట్లించాడో రాసుకోవాలి. చివర్లో అతను చెప్పే మెచ్చుకోలు కంటే ఈ కాగితమే విలువైనది. నాలుగు నిమిషాలు తికమకపడి, ధర దొరక్క వదిలేసిన మనిషి కూడా లేచేటప్పుడు "చాలా బాగుంది" అనే అంటాడు.

ఏ ఫోన్లలో చూడాలి? వేగం ఎంత ఉండాలి?

మీ చేతిలోని ఖరీదైన ఫోనులో కాదు. నాలుగైదేళ్ళ కిందటి, తక్కువ మెమరీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోను ఒకటి సంపాదించి, వైఫై ఆపి, మొబైలు డేటా మీద చూడండి. ఉదయగిరి కొండల దగ్గరి పల్లెల్లో సిగ్నలు నెల్లూరు ట్రంకు రోడ్డు మీద ఉన్నట్టు ఉండదు. ఊరు దాటి వెళ్ళలేకపోతే క్రోమ్ బ్రౌజరులోని డెవలపర్ సాధనాల్లో నెట్‌వర్కును కావాలని నెమ్మది చేసే సదుపాయం ఉంది, అదైనా వాడండి.

కొలతల విషయానికొస్తే, గూగుల్ 2020లో ప్రకటించిన కోర్ వెబ్ వైటల్స్ ప్రకారం పేజీలోని ముఖ్యభాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి, పేజీ తెరుచుకుంటుండగా అక్షరాలూ బటన్లూ జరిగిపోవడాన్ని కొలిచే సంఖ్య 0.1 దాటకూడదు. వీటిలో రెండోదాన్ని 2024 మార్చిలో పాత కొలత స్థానంలో చేర్చారు. వచ్చినవారిలో నూటికి 75మందికైనా ఈ హద్దులు నెరవేరితేనే మంచిదని లెక్క. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ సాధనంలో మీ చిరునామా వేస్తే, చాలినంతమంది చూసే వెబ్‌సైటుకు ఈ అంకెలు ఉచితంగా వస్తాయి.

మన ప్రాంతపు వెబ్‌సైట్లు నెమ్మదించడానికి కారణం చాలావరకు ఒక్కటే, ఫొటోలు. ఉదయగిరి చెక్క గరిటెలను ఫోనుతో తీసి అలాగే ఎక్కిస్తే ఒక్కొక్క చిత్రం నాలుగైదు మెగాబైట్లు ఉంటుంది. ఇరవై గరిటెలున్న పేజీ తెరవాలంటే కొనేవాడి డేటాలో వంద మెగాబైట్లు ఖర్చవుతాయి. వెడల్పు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన చిత్ర రూపంలోకి మారిస్తే అదే చిత్రం వంద, నూటయాభై కిలోబైట్లకు వస్తుంది, కంటికి తేడా తెలియదు.

తెలుగు పేజీలకు ప్రత్యేకంగా ఏమైనా పరీక్షించాలా?

తప్పకుండా, అసలు చిక్కులన్నీ ఇక్కడే ఉన్నాయి.

మొదటిది పాత ఫాంట్ల సమస్య. మన డీటీపీ కేంద్రాల్లో కరపత్రాలూ ఫ్లెక్సీలూ ఇప్పటికీ అను ఫాంట్లలోనే తయారవుతాయి. ఆ పాఠాన్ని కాపీ చేసి వెబ్‌సైటులో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి, ఎందుకంటే ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలను కూర్చినవి. వెబ్‌లో ఉండవలసింది తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న యూనికోడ్ తెలుగు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి గాని, మార్చిన తరువాత ఒత్తులనూ దీర్ఘాలనూ ఒక మనిషి కూర్చుని చదివి దిద్దాలి. ఈ శ్రమ తప్పించుకోవడానికి ఫ్లెక్సీనే బొమ్మగా పెట్టేసేవారు చాలామంది. ఆ బొమ్మలోని ఫోను నంబరును నొక్కి ఫోను చేయలేరు, పెద్దది చేస్తే మసకబారుతుంది, చూపులేనివారి స్క్రీన్ రీడరు దాన్ని చదవలేదు.

రెండోది వరుసల మధ్య ఖాళీ. ఇంగ్లీషు కోసం తయారైన డిజైన్లలో వరుస ఎత్తు అక్షరం ఎత్తుకు 1.2 రెట్లు ఉండటం మామూలు. మన అక్షరానికి పైన గుడీ ఉంటుంది, కింద ఒత్తు మీద ఒత్తు కూడా ఉండవచ్చు. రాష్ట్రం, లక్ష్మి, స్త్రీ, ఆర్ద్రత వంటి మాటలను శీర్షికల్లో, బటన్లలో, మెనూలో పెట్టి చూస్తే ఏ ఒత్తు తెగిపోతోందో, ఏది కింది వరుసను తాకుతోందో వెంటనే తెలుస్తుంది. 1.6 నుంచి 1.8 రెట్ల దాకా ఇస్తే హాయిగా చదవవచ్చు.

మూడోది మాటను మధ్యలో కత్తిరించడం. వార్తల జాబితాలో చోటు చాలనప్పుడు కొన్ని అక్షరాల తరువాత చుక్కలు పెట్టేలా ప్రోగ్రాము రాస్తారు. స్త్రీ అన్నది తెర మీద ఒకే అక్షరంగా కనిపించినా లోపల ఆరు సంకేతాలుగా ఉంటుంది. నాలుగో సంకేతం దగ్గర కోత పడితే మిగిలేది పొల్లుతో ముగిసే ముక్క.

నాలుగోది వెతుకులాట. మీ వెబ్‌సైటులో వెతికే పెట్టె ఉంటే అందులో "రొయ్య", "రొయ్యలు", "రొయ్యల ధర" అని విడివిడిగా కొట్టి చూడండి, ఆపైన ఇంగ్లీషు అక్షరాలతో కూడా అదే మాట కొట్టండి. విభక్తి మారగానే ఫలితం మాయమవుతుంటే ఆ పెట్టె ఉండి ప్రయోజనం లేదు. దాన్ని తీసేసి విభాగాలను స్పష్టంగా పెట్టడమే మేలని నా అభిప్రాయం.

చివరగా, తెలుగులో పంపే నిర్ధారణ ఎస్ఎంఎస్‌లు. ఇంగ్లీషులో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 సంకేతాలే పడతాయి. అది దాటితే రెండు సందేశాల లెక్క పడుతుంది. ఒత్తులూ గుణింతాలూ కూడా ఆ 70లోకే వస్తాయి కాబట్టి వాక్యాన్ని బిగించి రాయించాలి.

ఫారాలలో ఎక్కువగా వచ్చే పొరపాట్లు ఏమిటి?

ఇంటిపేరు ముందు రాసే మన అలవాటుకు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అన్న రెండు గళ్ళు సరిపోవు. "పూర్తి పేరు" అన్న ఒక్క గడి చాలు, అందులో తెలుగు అక్షరాలను, ఒకే అక్షరపు ఇనిషియల్‌ను, చుక్కను అంగీకరించాలి. ఫోను నంబరును కొందరు ముందు సున్నాతో, కొందరు ప్లస్ 91తో, కొందరు మధ్యలో ఖాళీతో రాస్తారు. వీటన్నిటినీ తీసుకుని సర్దుకోవలసింది ప్రోగ్రామే. వాడుకరిని తిప్పి పంపకూడదు.

పిన్‌కోడును బట్టి జిల్లాను దానంతట అదే నింపే ఫారాలతో జాగ్రత్త. నెల్లూరు పిన్‌లు 524తో, ఒంగోలు వైపువి 523తో మొదలవుతాయి. కందుకూరు పిన్ 523105. 2022 ఏప్రిల్‌లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు పిన్ మారలేదు, కాబట్టి మొదటి మూడంకెలను నమ్ముకున్న ఫారాలన్నీ కందుకూరువాళ్ళను ప్రకాశం జిల్లాలోనే చూపించాయి. వాడుకరి మార్చుకునేలా ఆ గడిని తెరిచి ఉంచితే సరిపోతుంది.

చూపు తక్కువైనవారూ, వృద్ధులూ మా వెబ్‌సైటు చూస్తారా? దానికి ప్రత్యేక పరీక్ష కావాలా?

చూస్తారు, చూడలేకపోతే ఫోను చేస్తారు, ఆ ఫోను ఎత్తే ఖర్చు మీదే. వెబ్ సౌలభ్యానికి అంతర్జాతీయంగా పాటించే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల 2.2 రూపం 2023 అక్టోబరులో వెలువడింది. దానిలో మధ్యస్థాయి ప్రకారం మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వ్యత్యాసం కనీసం 4.5కు 1 ఉండాలి, నొక్కే బటన్ల కొలత కనీసం 24 పిక్సెళ్ళు ఉండాలి. తెల్లని నేల మీద లేత బూడిదరంగు అక్షరాలు డిజైనరుకు ముచ్చటగానే ఉంటాయి, మే నెల ఎండలో మాత్రం కనిపించవు. ఆండ్రాయిడ్ ఫోనులో తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని మీ ముఖ్యమైన పనిని ఒక్కసారి చేసి చూడండి. బటనుకు పేరు పెట్టకుండా వదిలేసిన చోటల్లా అది "బటన్" అని మాత్రమే చదివి ఊరుకుంటుంది. పేజీ భాష తెలుగు అని కోడులో ప్రకటించకపోతే తెలుగును వేరే భాష గొంతుతో చదవబోయి తడబడవచ్చు.

వాడుకరుల అభిప్రాయాలు ఎలా సేకరించాలి?

పొడవైన సర్వే ఫారం పెట్టకండి, ఎవరూ నింపరు. పని పూర్తయిన పేజీ చివర ఒకే ప్రశ్న చాలు: "మీకు కావలసింది దొరికిందా?" దొరకలేదని నొక్కినవారికి మాత్రం "ఏది వెతికారు?" అన్న గడి తెరుచుకోవాలి. "మా కొత్త వెబ్‌సైటు ఎంత బాగుంది?" అని అడగడం జవాబు కూడా మనమే చెప్పడం లాంటిది. వాట్సాప్ నంబరు ఇస్తే మన ప్రాంతంలో ఫారం కంటే ఎక్కువ స్పందన వస్తుంది, అందులోనూ చాలామంది రాయకుండా గొంతుతోనే పంపుతారు. వాటిని విని, సారాంశం తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసే బాధ్యత ఒకరికి అప్పగించకపోతే అవి అక్కడే పడి ఉంటాయి.

నిజానికి మీకు అన్నిటికంటే నికార్సైన అభిప్రాయాలు రోజూ వస్తూనే ఉన్నాయి. దుకాణానికి వచ్చే ఫోన్లే అవి. వారం రోజులపాటు ఫోను ఎత్తినవారు, అడిగిన ప్రశ్నను ఒక్క ముక్కలో రాసిపెట్టమనండి. వెబ్‌సైటులో ఉన్న విషయాన్నే మళ్ళీ మళ్ళీ ఫోనులో అడుగుతున్నారంటే అది అక్కడ ఉన్నా లేనట్టే. వెబ్‌సైటు యజమానులకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో, ఏ మాటలు వెతికి మీ పేజీకి వచ్చారో కనిపిస్తుంది. ఆ మాటలు మీ శీర్షికల్లో లేకపోతే అది కూడా ఒక ఫిర్యాదే.

పేరు, నంబరు తీసుకుంటున్నప్పుడు ఎందుకు తీసుకుంటున్నారో అక్కడే చెప్పండి. వ్యక్తిగత సమాచారాన్ని సమ్మతి తీసుకుని, చెప్పిన పనికి మాత్రమే వాడాలన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మూలసూత్రం. ఫిర్యాదు కోసం నంబరు ఇచ్చిన రైతుకు పండగ ఆఫర్ల సందేశాలు పంపకూడదు.

వచ్చిన ప్రతి సలహానూ అమలు చేయాలా?

చేయకూడదు. ప్రతి సలహాకూ రెండు ప్రశ్నలు వేయండి: దీనివల్ల ఎవరి పనైనా ఆగిపోతోందా, ఎంతమందికి ఆగుతోంది? డబ్బు చెల్లించే పేజీ ఒక రకం ఫోన్లలో తెరుచుకోకపోతే ఒక్కరు చెప్పినా ఆ రోజే దిద్దాలి. ముఖపుటలో రంగు ముదురుగా ఉందని పదిమంది బంధువులు చెప్పినా అది ఆగవచ్చు. జనం పరిష్కారాన్ని చెప్పినప్పుడు దాని వెనక ఉన్న ఇబ్బందిని పట్టుకోవాలి. "ధరలు ముందే పెద్దగా ఎర్రగా పెట్టండి" అని ఒకరు అంటే, ఎరుపు కావాలని కాదు, ధర కనబడలేదని అర్థం. ఏ సలహాను ఎందుకు పక్కన పెట్టారో కూడా రాసుకుంటే, ఆరు నెలల తరువాత అదే చర్చ మళ్ళీ మొదటి నుంచి నడవదు.

సందర్శకుల సంఖ్య పెరుగుతోంది. అంటే వెబ్‌సైటు బాగున్నట్టేనా?

అనలేం. ఆ అంకెలో మనుషులు కాకుండా, పేజీలను వాటంతట అవే తెరిచే బాట్లు అనే ప్రోగ్రాములు కూడా ఉండవచ్చు. ఒకే మనిషి దొరకని సమాచారం కోసం పది పేజీలు తిరిగినా అంకె పెరుగుతుంది. విచారణలు, ఆర్డర్లు, సరైన ఫోన్లు పెరిగాయా అన్నది చూడండి.

నిర్వహణ అంటే ఏమేమి చేయాలి?

సాంకేతిక పనుల కంటే ముందు చూడవలసింది, రాసి ఉన్నది ఇంకా నిజమేనా అన్నది. ఆలస్యంగా తెరుచుకునే పేజీని జనం విసుక్కుంటూనైనా భరిస్తారు. పది రోజుల కిందటి ధరను నేటి ధర అనుకుని లారీ కట్టించుకుని వచ్చిన రైతు మాత్రం మళ్ళీ ఆ పేజీని నమ్మడు, మిమ్మల్నీ నమ్మడు. కాబట్టి మారే సమాచారం ఉన్న ప్రతిచోటా "ఫలానా తేదీన సవరించినది" అని కనిపించాలి. రోజూ మార్చే మనిషి లేనప్పుడు ధరల పట్టిక పెట్టకుండా "ధర కోసం ఫోను చేయండి" అని నంబరు ఇవ్వడమే నిజాయితీ.

జిల్లాల విభజన దీనికి మంచి ఉదాహరణ. 2022 ఏప్రిల్ 4న గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి, చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. ఆ తరువాత కూడా జిల్లాల హద్దులు కదిలాయి. వెబ్‌సైట్లలో మాత్రం సంప్రదింపుల పేజీలో ఒక జిల్లా, పేజీల అడుగున మరొక జిల్లా, గూగుల్ మ్యాపులో ఇంకొకటి కనిపించేవి ఇప్పటికీ ఉన్నాయి. చిరునామా, ఫోను నంబరు, పనివేళలు ఎక్కడెక్కడ రాశారో ఒక జాబితా పెట్టుకుంటే మారినప్పుడు అన్నిచోట్లా ఒకేసారి మార్చవచ్చు.

నెలకోసారి పాత లింకులను సరిచూసే సాధనంతో 404 (పేజీ లేదు) అని చూపే పేజీలను వెతకాలి. పేజీ చిరునామాను మార్చవలసి వస్తే పాతదాని నుంచి కొత్తదానికి 301 అనే శాశ్వత దారిమళ్ళింపు పెట్టించాలి. సంప్రదింపు ఫారాన్ని మీరే నింపి, మెయిలు వచ్చిందో లేదో చూసుకోవాలి. మెయిలు స్పామ్‌లోకి వెళుతూ నెలల తరబడి విచారణలు ఎవరికీ అందని సంస్థలు మనకు కొత్త కాదు.

డొమైను, సర్టిఫికెట్టు గురించి తెలుసుకోవలసినది ఏమిటి?

డొమైను, అంటే మీ వెబ్‌సైటు చిరునామా, ఎవరి పేరున ఉందో ఈ రోజే చూడండి. తయారు చేసిన కుర్రాడు తన మెయిలుతో కొని, తరువాత హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్ళిపోతే, గడువు ముగుస్తోందన్న హెచ్చరికలన్నీ అతను చూడని మెయిలుకే వెళతాయి. డొమైనూ, హోస్టింగూ (వెబ్‌సైటును ఉంచే సర్వరులోని చోటు) సంస్థ పేరున, సంస్థ మెయిలుతో, ఇద్దరు బాధ్యులకు తెలిసేలా ఉండాలి.

బ్రౌజరుకూ వెబ్‌సైటుకూ మధ్య సంబంధం భద్రమని చూపే సర్టిఫికెట్టుకూ గడువు ఉంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చేవి ఇన్నాళ్ళూ 90 రోజుల గడువుతో నడిచాయి. డబ్బు పెట్టి కొనేవి ఏడాదికి పైగా ఉండేవి గాని, సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలూ బ్రౌజరు కంపెనీలూ కలిసిన సీఏ బ్రౌజర్ ఫోరం 2025లో చేసిన తీర్మానం ప్రకారం 2026 మార్చి 15 నుంచి కొత్తవాటి గరిష్ఠ గడువు 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. అంటే చేత్తో మార్చుకునే కాలం పోయింది. దానంతట అదే కొత్తదయ్యే ఏర్పాటు మీ హోస్టింగులో ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

బ్యాకప్ హోస్టింగువాళ్ళే తీస్తారు కదా? తుపానుల సంగతేమిటి?

వాళ్ళు తీసేది వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఖాతా ఆగిపోతే అదీ పోతుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్ళో అన్న పాత నియమం చిన్న సంస్థలకు కూడా సరిపోతుంది. తీసిన బ్యాకప్ నుంచి వెబ్‌సైటును తిరిగి నిలబెట్టగలరో లేదో ఏడాదికోసారైనా వేరే చోట ప్రయత్నించి చూడాలి. అలా చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకూడదు.

తుపాను వచ్చినప్పుడు ముంబైలోనో సింగపూరులోనో ఉన్న సర్వరుకు ఏమీ కాదు. ఆగిపోయేది ఇక్కడ దాన్ని సవరించే మనిషి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను, దాటకముందే నెల్లూరు జిల్లాను వానలతో ముంచెత్తింది. అలాంటి రోజున "ఇవాళ లోడింగు లేదు", "తరగతులు లేవు", "గదుల బుకింగు రద్దు చేసుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం కోసమే జనం మీ వెబ్‌సైటు తెరుస్తారు. ముఖపుటలో అలాంటి ప్రకటనను ఫోను నుంచే, ఆఫీసు కంప్యూటరుతో పనిలేకుండా పెట్టగలగాలి. పాస్‌వర్డులు ఆఫీసు బల్ల సొరుగులోని పుస్తకంలో మాత్రమే ఉంటే ఆ రోజు ఏమీ చేయలేరు. అక్టోబరు రాకముందే ఒకసారి ఇంటి నుంచి, ఫోను డేటా మీద, ఈ ప్రకటన పెట్టి తీసి చూడండి.

మా వెబ్‌సైటును నడిపే వర్డ్‌ప్రెస్ ప్రోగ్రాముకు అప్‌డేట్లు చేస్తే వెబ్‌సైటు చెడిపోతుందని భయం. చేయకపోతే ఏమవుతుంది?

చెడిపోవచ్చు, అందుకే ముందు బ్యాకప్ తీసి, వీలైతే నకలు వెబ్‌సైటు మీద ప్రయత్నించి, ఆ తరువాత అసలుదాని మీద చేయాలి. చేయకపోతే జరిగేది ఇంకా ఘోరం. పాత ప్లగిన్లలోని (అదనపు సదుపాయాలను చేర్చే ముక్కలు) కంతల గుండా చొరబడినవాళ్ళు చాలాసార్లు ముఖపుటను ముట్టుకోరు. లోపల మీకు తెలియకుండా జూదపు పేజీలనో, జపనీసు భాషలో నకిలీ సరుకుల పేజీలనో వేలకొద్దీ పెడతారు. మీ కంటికి అంతా మామూలుగానే ఉంటుంది, గూగుల్‌కు మాత్రం మీ కళాశాల జూదశాలగా కనిపిస్తుంది. గూగుల్‌లో మీ డొమైనుకే పరిమితం చేసి వెతికితే, సెర్చ్ కన్సోల్‌లో భద్రతా విభాగం తెరిస్తే ఇది తెలుస్తుంది. వాడని ప్లగిన్లను ఆపితే సరిపోదు, తొలగించాలి. మానేసిన ఉద్యోగుల ఖాతాలను కూడా అంతే.

రొట్టెల పండుగ రోజుల్లో మా లాడ్జీ వెబ్‌సైటు తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు ఆ రోజుల్లో ఇతర రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు, బస కోసం ముందే వెతుకుతారు. గది చిత్రాలూ దారి వివరాలూ అందరికీ ఒకటే కాబట్టి ఆ పేజీలను ప్రతిసారీ కొత్తగా తయారు చేయకుండా క్యాష్ నుంచి, అంటే ముందే తయారు చేసి దాచిన ప్రతి నుంచి, అందించేలా పెట్టించండి. అప్పుడు సర్వరు శక్తి అంతా బుకింగుకు మిగులుతుంది. రద్దీని కృత్రిమంగా కల్పించి పరీక్షించే ఉచిత సాధనాలు ఉన్నాయి, కాని హోస్టింగువాళ్ళకు చెప్పి, జనం తక్కువగా ఉండే రాత్రివేళ చేయాలి. చెప్పకుండా చేస్తే దాన్ని దాడిగా భావించి మీ ఖాతాను నిలిపేసే అవకాశం ఉంది.

ఈ పండుగ మొహర్రం నెలతో ముడిపడినది కాబట్టి మామూలు క్యాలెండరులో ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. నిరుటి తేదీలతో ఉన్న ప్రత్యేక ధరల పేజీని నిరుడే తీసేసి ఉండాలి.

నిర్వహణ ఒప్పందంలో ఏమి రాయించుకోవాలి?

ఏ పని ఎన్ని రోజుల్లో చేస్తారు, వెబ్‌సైటు ఆగిపోతే ఎన్ని గంటల్లో స్పందిస్తారు, నెలకు ఎన్ని చిన్న మార్పులు ఉచితం, ఒప్పందం ముగిస్తే పాస్‌వర్డులూ ఫైళ్ళూ ఎలా అప్పగిస్తారు. ఈ చివరిది లేని ఒప్పందం మీద సంతకం చేయకండి.

వ్యాపారం మానేశాం. వెబ్‌సైటును వదిలేయవచ్చా?

పేజీలను తీసేసి, సంస్థ మూతపడిందనీ, పాత బకాయిల కోసమో ధ్రువపత్రాల కోసమో ఎవరిని సంప్రదించాలో చెప్పే ఒక్క పేజీ ఉంచండి. సేకరించిన పేర్లూ నంబర్లూ ఇక అవసరం లేకపోతే చెరిపేయండి. డొమైను మాత్రం వెంటనే వదలకండి. గడువు తీరిన పేర్లను కనిపెట్టి కొనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు అక్కడ ఏమి పెడతారో మీ చేతిలో ఉండదు. మీ చిరునామా అచ్చయిన మేత సంచులు, బిల్లు పుస్తకాలు, ఆటోల వెనక స్టిక్కర్లు కొన్నేళ్ళు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి అంతకాలమూ ఏటా రెన్యువలు కట్టండి. ఆ డొమైను మీద నడిచే మెయిలుతో బ్యాంకు, జీఎస్టీ, విద్యుత్తు ఖాతాలు తెరిచి ఉంటే ముందు వాటిలో మెయిలు మార్చుకుని, ఆ తరువాతే డొమైనును వదులుకోండి.